పిండి పొంగేలోగా

మిట్టమధ్యాహ్నం...

మనిషి నీడ మనిషి పాదాల కిందికే దూరి దాక్కునే వేళ. సూర్యుడు నడినెత్తిన ఉండగానే ఆకాశంలో ఒక మూల నుంచి నలుపు పాకుతోంది. ఆకు కదలడం లేదు. దూరంగా ఒక ఉరుము గొంతు సవరించుకుని ఊరుకుంది. పగలు కళ్ళు కనపడని గుడ్లగూబ ఒకటి దారి తప్పి వచ్చి ఆ పాత మేడ పిట్టగోడ మీద వాలింది. అది కూయలేదు... ఊరికే వింటూ కూర్చుంది.

మేడ పై అంతస్తులో కిటికీలు లేని పొడవాటి హాలు. వెలుతురంతా కప్పులో బిగించిన ఒకే ఒక గాజు పలక నుంచి నిట్టనిలువుగా దిగుతోంది. చాపల మీద వరసలుగా మనుషులు కళ్ళు మూసుకుని కూర్చున్నారు. పాలు తాగి పడుకున్న పసిపిల్లల ముఖాల్లా ఉన్నాయి వాళ్ళ ముఖాలు. ఎదురుగా ఎత్తు పీట మీద ధ్యానగురువు. నున్నటి బుగ్గలు, నల్లటి జుట్టు, పాడుబడ్డ నూతుల్లాంటి కళ్ళు. అందరి నీడలూ వాళ్ళ కిందే ముడుచుకుపోయి ఉన్నాయి. అతని నీడ ఒక్కటే సాయంకాలపు నీడలా సాగి, వెనక గోడ ఎక్కి, కప్పును తాకుతోంది.

గురువు పీట పక్కనున్న ఎర్రగుడ్డ తొలగించాడు. దాని కింద కపాలం... ఈ విద్య నేర్పినవాడి కపాలమే. పెదవులు కదిలాయి. ఆ బీజాక్షరాలను వినడానికి గాలి కూడా భయపడింది. కూర్చున్న ఒక్కొక్కరి నడినెత్తి నుంచీ సన్నటి పొగలాంటిదేదో లేచి, మెలికలు తిరుగుతూ వచ్చి కపాలంలోకి దిగింది. గురువు రెండు చేతులా దాన్ని ఎత్తుకుని తాగాడు.

అతను తాగింది వాళ్ళ కాలాన్ని.

రెండో వరసలో కూర్చున్న యువకుడి చెవి వెనక ఒక వెంట్రుక కుదురు నుంచి కొస దాకా తెల్లబడింది. అతని ముఖం మీద చిరునవ్వు చెదరలేదు. వీధి చివరి బేకరీ కుర్రాడు అతను. ఉబ్బిన బుగ్గల వల్ల ఊరంతా బన్నుబాబు అని పిలుస్తుంది. పెళ్ళయి ఇంకా పట్టుమని నాలుగు నెలలు కాలేదు.

* * *

రొట్టెలు చేసేవాళ్ళకు పగలూ రాత్రీ తారుమారు. లోకం ముసుగు తన్ని పడుకున్నప్పుడు వాళ్ళు పిండి కలుపుతారు. లోకం భోజనానికి కూర్చునే వేళకు సాయంత్రపు రొట్టెలకు ఇంకో తొట్టి కలిపి పెట్టి నడుము వాలుస్తారు. ఆ బేకరీలో గడియారం లేదు. తొట్టిలో పిండి కలిపాక చిన్న ముద్ద తుంచి, పొడిపిండి అద్ది, చొక్కా జేబులో వేసుకోవడం తండ్రి నాటి నుంచీ వాళ్ళ పద్ధతి. ఒంటి వేడికి ఆ ముద్ద ఉబ్బి జేబును నెట్టిందంటే, తొట్టిలో పిండి పొయ్యికి సిద్ధమైనట్టే.

కొత్తగా కాపురానికి వచ్చిన పిల్లకు ఇది చూసి నవ్వు ఆగలేదు.

"గుండె దగ్గర పిండి పెట్టుకు తిరిగే మొగుడు నాకే దొరకాలా?"

"గడియారానికైతే కీ ఇవ్వాలి. దీనికి నేను బతికుంటే చాలు," అన్నాడు బన్నుబాబు.

ఆమె డిగ్రీలో కెమిస్ట్రీ చదివింది. పిండి ఎందుకు పొంగుతుందో బోర్డు మీద సమీకరణం రాసి చూపించగలదు. కానీ మొదటిసారి ఆమె చేసిన రొట్టెను అత్తయ్య అరచేతిలో తూచి, "పారేయకమ్మా. ఇల్లు కట్టేటప్పుడు పునాదిలోకి పనికొస్తుంది," అంది. ఆ రోజు ఆమె తల నుంచి కాళ్ళ దాకా పిండే. అప్పటి నుంచి అతనికి ఆమె పిండిబొమ్మ. షాపులో నలుగురూ ఉంటే ఆమె "ఏమండీ" అంటుంది, తలుపు మూస్తే "ఒరే బన్నూ". రోజూ చివర్లో మిగిలిన పిండితో అతను అరచేతిలో పట్టేంత బన్ను ఒకటి చేసి, మధ్యలో బొటనవేలితో నొక్కేవాడు. పొయ్యిలోంచి తీయగానే ఆ గుంటలో వెన్న వేస్తే కరిగి చిన్న చెరువులా మెరిసేది. ట్రేల వెనక నిలబడి, వేళ్ళు కాలుతున్నా ఆగలేక, ఆమె దాన్ని ఊదుకుంటూ తినేది. ఇంతకంటే ఏం కావాలి మనిషికి, అనిపించేది ఆమెకు.

పెళ్ళి హడావిడిలో అతనికి నిద్ర చెడింది. మధ్యాహ్నం పడుకుంటే కళ్ళు మూతపడేవి కావు. ఎదురింటి టైలరక్క చెప్పింది.

"అరగంట ధ్యానంలో కూర్చో తమ్ముడూ. రాత్రంతా పడుకున్నట్టుంటుంది. అసలు కాలమే తెలియదు."

"పిండి పొంగేలోగా వచ్చేస్తాను," అని వెళ్ళాడు. అన్నట్టే వచ్చేశాడు.

"కళ్ళు మూశాను, తెరిచాను. మధ్యలో ఏమీ లేదు పిండిబొమ్మా. ఎంత హాయిగా ఉందో..."

ఆమె అతని చెంప నిమిరి చెయ్యి వెనక్కి తీసుకుంది.

"పొద్దున్నే కదా గడ్డం గీసుకున్నావు? ఈ ముళ్ళేంటి?"

"నీ మీద ప్రేమ ఎక్కువై పెరిగింది."

ఇద్దరూ పడీ పడీ నవ్వారు. ఆ నవ్వు వినడానికి మృత్యువు గుమ్మం దాకా వచ్చిందని వాళ్ళకు తెలియదు.

తర్వాత గోళ్ళు పెరిగాయి. వేలికి ఉంగరం వదులైంది. పొయ్యిలో రొట్టె రంగు చూడటానికి అతను కళ్ళు చిట్లించడం మొదలుపెట్టాడు. ఒకరోజు అతని చెవి వెనక తెల్లగా కనపడితే, పిండి అంటుకుందనుకుని ఆమె ఊదింది.

అది ఎగరలేదు.

ఆమె మళ్ళీ ఊదింది... కొంగుతో తుడిచింది... తుడుస్తూనే నిలబడిపోయింది.

ఆ సాయంత్రం చొక్కా ఉతకడానికి తీస్తే జేబులో ముద్ద తగిలింది. మధ్యాహ్నం బయల్దేరే ముందు ఆమె కళ్ళ ముందే అతను తొట్టిలోంచి తుంచి వేసుకున్న ముద్ద. పొంగి, కుంగి, బూజు పట్టి, ఆ బూజు కూడా ఎండి రాలిపోయి, రాయిలా బిగిసి ఉంది. ఎన్నో నెలలు గడిస్తే తప్ప పిండి అలా కాదు. అదే పిండితో చేసిన రొట్టెలు షాపులో ఇంకా మెత్తగానే ఉన్నాయి.

అప్పుడు ఆమెకు అర్థమైంది. అతని మనసుకు రెప్పపాటు, ఇంటికి అరగంట... కానీ ఆ హాల్లో అతని ఒంటి మీద ఏళ్ళు గడిచిపోతున్నాయి!

వారం తిరిగేసరికి అతని తల సగం నెరిసింది. డాక్టరు అన్నీ చూసి, ఏ జబ్బూ లేదన్నాడు. "ఈ వయసుకు గుండె చాలా బాగుందమ్మా. నాన్నగారిని రోజూ కాస్త నడవమనండి," అన్నాడు.

ఆమె బతిమాలింది. ఏడ్చింది. అతను ఆమె చేతిలో చెయ్యి వేసి, ఇక వెళ్ళనని ఒట్టు పెట్టాడు. మర్నాడు సూర్యుడు నడినెత్తికి రాగానే అతని కళ్ళు గాజుగోళీల్లా మారాయి. పాదాలు వాటంతటవే మెట్లు దిగాయి. చొక్కా పట్టుకుని లాగితే చిరిగిన ముక్క ఆమె చేతిలో మిగిలింది. ఆ తర్వాత ప్రతి మధ్యాహ్నమూ అంతే. పిండి పొంగేలోగా అతను తిరిగి వచ్చేవాడు... వచ్చిన ప్రతిసారీ ఇంకొంచెం తక్కువగా వచ్చేవాడు. బుగ్గలు జారాయి. నడుము వంగింది. అయినా తిరిగి రాగానే వణికే వేళ్ళతో చిన్న బన్ను చేసి మధ్యలో బొటనవేలు నొక్కేవాడు. ఆమె దాన్ని తినలేక కొంగులో దాచుకునేది.

"వాడు నా కడుపున పుట్టాడే... ఇప్పుడు నాకంటే పెద్దవాడైపోయాడే," అని అత్తయ్య గల్లాపెట్టె మీద తల వాల్చి కుమిలింది.

* * *

చివరికి ఆ రోజు ఆమె అతన్ని పిండి బస్తాల గదిలో పెట్టి తాళం వేసి, తాళంచెవి అత్తయ్య చేతికిచ్చింది.

"ఎవరు పిలిచినా తీయకండి అత్తయ్యా. ఆయన ఏడ్చినా తీయకండి."

"నువ్వు రాకముందే నేను వాడికి అమ్మను. తీయను."

మబ్బులు సూర్యుడి చుట్టూ చేరి ఉంగరం కట్టాయి. పిడుగు పడ్డట్టు ఒక మెరుపు... ఆ వెలుగులో షాపు గుమ్మంలో టైలరక్క నిలబడి ఉంది. నెల కిందట నల్లగా నిగనిగలాడిన జడ విడిపోయి, తెల్లగా మోకాళ్ళ దాకా వేలాడుతోంది. గోళ్ళు కొడవళ్ళలా వంకర తిరిగాయి.

"ఒక బ్రెడ్ ఇవ్వమ్మా," అంది మామూలుగా.

ఆమె బ్రెడ్ తీసేలోగా అక్క తల వెనక్కి విరుచుకుంది. నోరు తెరుచుకుంది. అందులోంచి ముసలివాడి గొంతు వచ్చింది. "టైమెంతయింది?" వెంటనే ఒక పసిపిల్ల గొంతు. "ఎంతయింది?" ఆ పైన ఎవరెవరివో గొంతులు... పదులు, వందలు... "నా మధ్యాహ్నాలు ఇచ్చేయండి! నా ఏళ్ళు ఇచ్చేయండి! ఎంతయింది... ఎంతయింది..." ట్రేలు గలగలలాడాయి. అద్దాల బీరువా అడ్డంగా పగిలింది. ఆమె అక్క భుజాలు పట్టుకుని గట్టిగా కుదిపింది.

"అక్కా, నేను. ఎదురింటి పిండిబొమ్మను. నా పెళ్ళి జాకెట్టు నువ్వే కుట్టావు. చంక దగ్గర బిగుతైతే నన్నే తిట్టావు. గుర్తుందా?"

ఒక్క క్షణం అక్క కళ్ళలోకి అక్క వచ్చింది.

"నేనే పంపాను తమ్ముణ్ణి... ఆ గురువు తాగేస్తున్నాడమ్మా. మనం చూసుకోని కాలాన్ని తాగుతాడు. ఈ రోజుతో తమ్ముడిది ఖాళీ..."

అంతే. తాడు తెగిన బొక్కెనలా అక్క జారిపోయింది. అక్కను పడుకోబెట్టి ఆమె అత్తయ్య కోసం వెనక్కి తిరిగితే, బస్తాల గది తలుపు బార్లా తెరిచి ఉంది. అత్తయ్య చేతిలో తాళంచెవి పట్టుకుని గోడకు జారగిలబడి ఉంది.

"మీ మామయ్య పిలిచారమ్మా. ఒసే తలుపు తియ్యవే, ఉక్కపోస్తోంది, అన్నారు. అచ్చం ఆయన గొంతే. పోయిన మనిషి పిలిస్తే..." అత్తయ్య తాళంచెవి వైపు చూసుకుంది. "తీశాక చూస్తే వీడు. వీడి గొంతు మీ మామయ్య గొంతైపోయింది."

తొట్టి పక్కన పొడిపిండి అద్దిన ముద్ద అలాగే ఉంది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి అతను దాన్ని జేబులో వేసుకోవడం మరిచిపోయాడు. *దీనికి నేను బతికుంటే చాలు...* ఆమె ఆ ముద్ద అందుకుని పరుగెత్తింది.

* * *

హాలు తలుపు దగ్గర బల్ల మీద వాచీలు, ఫోన్లు కుప్పగా పడి ఉన్నాయి. లోపల కాలం తెలిపేది ఏదీ ఉండకూడదని ఆ గురువు నియమం. ఆమె తన ఫోను అక్కడ విసిరి లోపలికి దూకింది. రెండో వరసలో ఎముకల గూడు ఒకటి చిరునవ్వుతో కూర్చుని ఉంది. ఆ గూడు వేలికి ఆమె తొడిగిన ఉంగరం.

"బన్నూ..."

అతని రెప్ప కదలలేదు.

"అరవకు తల్లీ. హాయిగా ఉన్నాడు," అన్నాడు గురువు. అతని స్వరం తేనెలో నానబెట్టిన కత్తిలా ఉంది.

"ఆయన కాలం ఆయనకి ఇచ్చేయండి."

"ఎందుకు? ఎక్కడ పోయిందో అతనికే తెలియదు. ఎవరూ చూసుకోని కాలం బజార్లో పారేసిన ఎంగిలి విస్తరి. నేను ఏరుకుంటాను. దొంగనెలా అవుతాను?"

గురువు కపాలం మీద చెయ్యి వేశాడు. నీడ కప్పు మీద నుంచి ఆమె తల మీదికి వంగింది. ఆమె అటు చూసింది, ఇటు చూసింది. కొట్టడానికి కర్ర లేదు, పిలవడానికి దేవుడి పేరు కూడా నోటికి రావడం లేదు. ఉన్నదల్లా పిడికిట్లో ఒక పిండి ముద్ద. ఆ పిడికిలి కొంగు కిందికి చేర్చి ఆమె మోకాళ్ళ మీద కూలబడింది.

"అయితే నాది తీసుకోండి. కొత్త కాపురం... ఇంతకంటే తియ్యటి కాలం మీకెక్కడా దొరకదు. ఆయన చివరి చుక్క మాత్రం వదిలేయండి."

నూతుల్లాంటి కళ్ళలో నీళ్ళు కదిలినట్టయింది. శతాబ్దాల ఆకలి నాలుక చప్పరించింది.

"కూర్చో. ముందు నువ్వు. తర్వాత వాడి సంగతి చూద్దాం."

ఆమె భర్త పక్కనే చాప మీద కూర్చుని కళ్ళు మూసుకుంది. బీజాక్షరాలు మొదలయ్యాయి. ఒక వెచ్చటి చీకటి పాదాల నుంచి పైకి లేచింది. ఆహా... ఎంత హాయి. అందులో తాజా రొట్టె వాసన ఉంది. వెన్న కరిగిన గుంట ఉంది. ట్రేల వెనక నవ్వులున్నాయి. ఎక్కడికీ వెళ్ళక్కర్లేదు, ఎవరి కోసమూ ఏడవక్కర్లేదు. భర్త పేరు జారిపోయింది... తన పేరు జారిపోయింది... ఎందుకు వచ్చిందో కూడా జారిపోబోతుండగా...

చూపుడు వేలికి, మధ్య వేలికి నడుమ ఏదో కదిలింది.

ముద్ద పొంగుతోంది.

పిడికిలి వేడికి పిండి మెల్లగా ఊపిరి పీల్చుకుంటోంది. వేళ్ళ సందుల్లోంచి మెత్తగా నెడుతోంది... లే, చూడు, నేను ఇక్కడున్నాను, అన్నట్టు. ఆమె తన ప్రాణమంతా ఆ పిడికిట్లోకి తెచ్చుకుంది. రోజూ పొయ్యి ముందు చేసే పనే ఇది. పిండి పొంగడానికి ఎదురుచూడటం. ఒక బుడగ... దాని పక్కన ఇంకో బుడగ... అవి కలిసి పెద్దదవడం... వేలు కొద్దిగా పైకి లేవడం... అతను వస్తాడా... ఇంకో బుడగ... వస్తాడా... ఒక్క క్షణం కూడా ఆమె కళ్ళు కప్పి జారిపోలేదు. ప్రతి క్షణమూ ఆమెను కోసుకుంటూ, నెత్తురు అంటించుకుంటూ వెళ్ళింది. ఎదురుచూసేవాళ్ళకు క్షణమొక యుగం అంటారు. ఆమె ఆ యుగాలన్నిటినీ కళ్ళు మూసుకుని ఒక్కొక్కటిగా చూసింది.

ఆ ఎదురుచూపే పొగై లేచింది. కపాలంలోకి దిగింది. గురువు ఆబగా ఎత్తి గటగటా తాగాడు.

తాగి... ఆగాడు.

ఇన్నాళ్ళూ అతను తాగింది చచ్చిన కాలం. గమనించేవాళ్ళు లేని కాలం. రుచీ బరువూ లేకుండా గొంతు దిగి పొట్టలో చల్లగా పడి ఉండేది. ఇది బతికున్న కాలం. చిటికెడు పులిసిన పిండి చాలు, బస్తా పిండిని నిద్ర లేపడానికి. రొట్టె చేసేవాళ్ళకు తెలిసిన ఆ సంగతి కాలాన్ని తాగేవాడికి తెలియలేదు. ఆమె ఒక్క ఎదురుచూపు వెళ్ళి అతని లోపల పడుకున్న వేల మధ్యాహ్నాలను తాకింది. ఒక్కొక్కటే కళ్ళు తెరిచింది. పొంగింది.

"ఎంతయింది?" అని అతని పొట్టలోంచి ఒక గొంతు అడిగింది.

గురువు బెదిరి పీట మీద నుంచి లేచాడు. లేస్తూనే నడివయసువాడయ్యాడు. అడుగు వేసేసరికి ముసలివాడయ్యాడు. "వద్దు... కక్కేస్తాను... తీసేయ్, నీది నువ్వు తీసేసుకో..." అని ఆమె వైపు చేతులు చాచాడు. ఆ చేతుల మీద చర్మం ఎండుటాకులా రాలింది. ఫెళఫెళమని పిడుగు కప్పును తాకింది. గాజు పలక బద్దలైంది. ఆ కంతలోంచి దిగింది మబ్బూ కాదు, మెరుపూ కాదు... అన్నిటినీ తినే ఆ మహాకాలమే తన ఎంగిలి తిన్నవాణ్ణి వెతుక్కుంటూ వచ్చింది. అతను దాటేసిన శతాబ్దాలన్నీ ఒక్కసారిగా అతని మీద పడ్డాయి. కేక మొదలైంది... ముగియడానికి గొంతు మిగల్లేదు. కపాలం రెండు ముక్కలైంది. పీట ముందు గుప్పెడు బూడిద. దాని నీడ కూడా నేల మీద లేదు.

పగిలిన కపాలంలోంచి మిగిలిన కాలం వెచ్చటి గాలిలా హాలంతా తిరిగి, ఎవరిది వాళ్ళ నెత్తిన వాలింది. వాడు అరిగించుకున్నది మాత్రం తిరిగి రాలేదు.

పైన పిట్టగోడ మీది గుడ్లగూబ అప్పుడు ఒక్కసారి కూసి ఎగిరిపోయింది.

బన్నుబాబు కళ్ళు తెరిచాడు. ఎముకల మీద కండ నిలిచింది. బుగ్గలు కొంచెం తిరిగి వచ్చాయి. జుట్టు అలాగే ఉండిపోయింది, తెల్లగా.

"ఏమైంది పిండిబొమ్మా? ఇప్పుడే కదా కళ్ళు మూశాను?"

ఆమె పిడికిలి విప్పి చూపించింది. ముద్ద ఆమె వేళ్ళ అచ్చులతో నిండుగా, గుండ్రంగా పొంగి ఉంది.

"సరిగ్గా ఉంది," అన్నాడతను. "పొయ్యిలో పెట్టేయాలి."

* * *

ఇప్పుడు బేకరీకి కొత్తగా వచ్చినవాళ్ళు గల్లాపెట్టె దగ్గర నిలబడి, "మీ నాన్నగారి చేతి రొట్టె అమోఘమమ్మా," అంటూ ఉంటారు.

"మా ఆయనండీ," అంటుంది ఆమె. "నాకంటే కాస్త ముందు వెళ్ళి ముసలితనం ఎలా ఉంటుందో చూసొచ్చాడు. పెద్ద బాగోలేదట."

ఎదురింట్లో టైలరక్క తెల్లజడతో మిషను తొక్కుతూ, అది విని నవ్వి, మళ్ళీ కళ్ళు తుడుచుకుంటుంది.

మధ్యాహ్నం కాగానే అతనికి భయం పట్టుకుంటుంది. కళ్ళు మూయనంటాడు. ఆమె గోడకు ఆనుకుని కూర్చుని అతని తల ఒళ్ళో పెట్టుకుంటుంది. పిండి ముద్ద ఇప్పుడు ఆమె పిడికిట్లోనే ఉంటుంది. ఇంకెన్నేళ్ళు మిగిలాయో ఇద్దరికీ తెలియదు. దాని గురించి మాట్లాడుకోరు.

"నేను పడుకుంటే..."

"పడుకో. నేను చూస్తుంటానుగా."

కాసేపటికి, సగం నిద్రలో, తండ్రి గొంతు లాంటి గొంతుతో అడుగుతాడు.

"పొంగిందా?"

వేళ్ళ మధ్య మెత్తగా ఒక బుడగ కదులుతుంది. ఆమె దాన్ని పూర్తిగా, దాని చివరి దాకా, చూస్తుంది.

"ఇంకా లేదు బన్నూ. ఇంకా బోలెడంత సేపుంది."